పెళ్లి గుర్రానికి నీళ్లు

ఈ మధ్య కుర్ర డాక్టర్లు నాకు ఫోన్లో పశువుల రిపోర్టులు పంపి, "మేడం, ఒకసారి చూస్తారా" అంటుంటారు. రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషికి ఇంకా కాస్త విలువుందని సంబరపడి కళ్లద్దాలు వెతుక్కుంటాను. అంకెలన్నీ చూశాక ఒకటే అడుగుతాను. "నీళ్లు ఎలా తాగుతోంది?" అని. "మామూలుగానే మేడం" అంటారు. "తాగుతుంటే నువ్వు చూశావా?" అంటే "అది కాదు మేడం" అని నసుగుతారు. అలా నసిగినప్పుడల్లా నాకు ఒక తెల్ల గుర్రం గుర్తొస్తుంది. తిట్టి ఫోన్ పెట్టేసే బదులు ఈసారి ఆ కథే రాద్దామని కూర్చున్నాను. పశువైద్యం చదవనివాళ్లు కూడా చదవొచ్చు, పెద్ద శాస్త్రమేమీ లేదు ఇందులో.

నా చివరి పోస్టింగ్ ఐటీ కారిడార్ అంచున ఉన్న ఒక ప్రభుత్వ పశువైద్యశాల. మాది గోదావరి వైపు. ఉద్యోగం పేరుతో వచ్చి ఇక్కడే ఉండిపోయాను. చేరిన కొత్తలో పొద్దున్నే గేటు ముందు గేదెలు వరస కట్టేవి. నేను దిగిపోయే నాటికి ఆ గేదెల కొట్టాలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి. ఏసీ కార్లలో కుక్కలు వచ్చేవి, వాటి దగ్గర నాకన్నా మంచి షాంపూ వాసన వచ్చేది.

నాతోపాటు ఒక కాంపౌండర్ ఉండేవారు. పక్క ఊరి మనిషి, సర్వీసులో నాకన్నా పెద్ద. ఏ పని చెప్పినా ముందు "మనకెందుకు మేడం" అనేవారు, ఆ మాట పూర్తయ్యేలోపు చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడేవారు. నాకు ముక్కు మీద కోపం. ఆయనకు కోపమనేది ఎక్కడుందో నేనెప్పుడూ చూడలేదు. ఆ ఆసుపత్రి నడిచిందంటే సగం పుణ్యం ఆయనదే.

మంచి పెళ్లిళ్ల సీజన్. ఎండలు మండిపోతున్నాయి. ఒక మధ్యాహ్నం ఒకాయన తెల్ల ఆడగుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. నలభై దాటిన మనిషి, మెళ్లో తువ్వాలు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టూ ఉన్న కన్వెన్షన్ హాళ్లలో పెళ్లికొడుకుల్ని ఎక్కించుకుని వచ్చేది ఈ గుర్రమే. పెళ్లిళ్లు లేని ఆదివారాలు పుప్పాలగూడలో అపార్ట్‌మెంట్ల ముందు పిల్లల్ని తిప్పేది. ఆయనకూ ఆయన భార్యకూ ఉన్న ఆధారమంతా అదొక్కటే. దాన్ని ఆయన 'బిడ్డ' అని పిలిచేవాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"నీళ్ల కాడ్నే పరేషాన్ మేడం. ఒక్కోనాడు బకెట్ మీద బకెట్ తాగుతది, ఆగనే ఆగది. ఒక్కోనాడు బొట్టు ముట్టది. లద్దె గూడ గట్టిగ గోలీల లెక్క పడుతున్నది. మొన్న కడుపునొప్పితోని కింద పడి పొర్లింది బిడ్డ."

జేబులోంచి ఫోన్ తీసి ఒక రిపోర్టు చూపించాడు. ఎక్కడో కుక్కలు, పిల్లులు చూసే పెద్ద క్లినిక్‌లో రక్తపరీక్ష చేయించాడట. కిడ్నీల పనితీరు చెప్పే అంకెలు ఉండాల్సినదానికన్నా పైనున్నాయి.

"కిడ్నీలు పోయినయన్నరు మేడం. అంతగనం తాగుతున్నదంటే గదేనట. దవా లేదట." గుర్రం మెడ నిమురుతూ అన్నాడు. "దలాలి ఒకడు తిరుగుతున్నడు. కిడ్నీలు పోయినదాన్ని ఎన్నొద్దులు మేపుతవ్, నాకిచ్చెయ్ అంటున్నడు. మీరు గూడ గదే అంటే ఇగ ఇచ్చేస్త."

అలాంటి దలాలి తీసుకుపోయే జబ్బు గుర్రం ఇంకో కొట్టానికి కాదు, కబేళాకే పోతుందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట పైకి అనలేదు. ఈ గుర్రాన్ని ఆ మనిషి చేతికి పోనివ్వకూడదని నేను అప్పటికప్పుడే అనుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. అది నా చేతిని వాసన చూసి, ఏమీ లేదని తెలిసినా మూతి అక్కడే ఉంచింది, అందుకేనేమో.

మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే నింపాదిగా సర్దుకుంది. చిగుళ్లు పొడిగా ఉన్నాయి. కానీ ఒళ్లు చూస్తే కండ తగ్గలేదు, వెంట్రుక నిగనిగలాడుతోంది. కిడ్నీలు పోయిన జంతువు ఇలా ఉండదు. ఆ అంకెల మీద నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ఇక్కడ కుర్ర డాక్టర్లకు ఒక మాట. గుర్రం ఎంత నీరు తాగుతుందంటే ఒక అంకె చెప్పి ఊరుకోలేం. పచ్చిగడ్డి మేసేదానికి సగం నీరు గడ్డిలోనే అందుతుంది, అది తక్కువ తాగుతుంది. అదే గుర్రానికి ఎండుగడ్డి వేయండి, తొట్టి ఖాళీ చేస్తుంది. ఎండ, చెమట, దాణాలో ఉప్పు, పాలు తాగే పిల్ల, ఇవన్నీ దాహాన్ని పెంచుతాయి. కొత్త ట్యాంకర్ నీళ్లకు వాసన తేడా ఉన్నా, తొట్టికి పాచి పట్టినా, పంటి నొప్పి ఉన్నా ముట్టదు. ఏ పనీ లేక కొట్టంలో కట్టేసి ఉంచితే కొన్ని విసుగుతో కూడా తాగుతాయి. నిజంగా జబ్బులున్నవీ ఉంటాయి. నీళ్లలో మార్పు జబ్బు పేరు చెప్పదు. ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతే.

ఈ ఉపన్యాసమంతా ఆ రోజు ఆయనకూ ఇచ్చాను. "ఎండాకాలం కదా, ఎండుగడ్డి వేస్తున్నావు, అందుకే ఎక్కువ తాగుతోంది" అంటే "అవు మేడం, ఎండుగడ్డే" అన్నాడు. "నీళ్ల ట్యాంకర్ మారిందా?" అంటే "మారింది మేడం, మారింది" అన్నాడు. ఏది అడిగినా అవునంటున్నాడు. ఎంత బాగా అర్థం చేసుకుంటున్నాడో అని మురిసిపోయాను. నేను చెప్పే ప్రతి కారణం ఆయనకు ఒక చాటు ఇస్తోందని నాకు తట్టలేదు.

తర్వాత మూత్రం కావాలన్నాను. రక్తంలో ఆ అంకెలు రెండు రకాలుగా పెరుగుతాయి. కిడ్నీలు చెడితే పెరుగుతాయి, ఒంట్లో నీరు ఎండిపోయినా పెరుగుతాయి. తేడా మూత్రమే చెబుతుంది. కిడ్నీలు చెడితే మూత్రం నీళ్లలా పల్చగా పోతుంది. కిడ్నీలు బాగుండి నీరే కరువైతే, ఉన్న కాస్త నీటినీ ఒళ్లు పట్టి ఉంచుకుంటుంది, మూత్రం చిక్కగా వస్తుంది. ఆ క్లినిక్‌లో మూత్రం చూడలేదు. కుక్కలు చూసే చోట గుర్రం మూత్రం పట్టడానికి ఎవరికి ఓపికుంటుంది లెండి.

మా ఓపికకూ పరీక్షే అయింది. కాంపౌండర్ గారు పొడుగు కర్రకు స్టీలు గిన్నె కట్టి గుర్రం వెనకాల నిలబడ్డారు. గుర్రాలవాళ్లు ఈల వేసి పోయిస్తారు, అది వాళ్ల అలవాటు. గుర్రపాయన ఈల వేశాడు. కాంపౌండర్ గారు ఈల వేశారు. గుర్రం చెవులు మాత్రం కదిపింది.

"నా జిందగీల నేను ఈల ఏస్తే బస్సే ఆగలే మేడం, ఇది పోస్తదా" అన్నారాయన.

లాబ్రడార్‌కు టీకా వేయించడానికి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు చెవిలో మాట్లాడే యంత్రం పెట్టుకుని మీటింగ్‌లో ఉండి కూడా మమ్మల్నే చూస్తున్నాడు. మీటింగ్ కాగానే వచ్చి ఎంతో మర్యాదగా, "మేడమ్, వాటర్ టబ్‌కి ఒక సెన్సర్ పెడితే ఎప్పుడెంత తాగుతోందో గ్రాఫ్ వస్తుందండి. నేను సెట్ చేసిస్తా" అన్నాడు. మంచి పిల్లాడు. కానీ ఆ క్షణంలో నాకు కావాల్సింది గ్రాఫ్ కాదు, గిన్నెడు మూత్రం.

అప్పుడు చూశాను మా ఆవరణను. గేటు నుంచి గోడ దాకా సిమెంటు. గుర్రం గట్టి నేల మీద మూత్రం పోయడానికి ఇష్టపడదు, కాళ్ల మీద చిందుతుందని. మెత్తటి పడక కనబడితేనే పోస్తుంది. అది చదువుకున్న రోజుల్లోనే తెలుసు, గేదెల మధ్య బతికి మర్చిపోయాను. షెడ్డులో ఉన్న వరిగడ్డి తెప్పించి మందంగా పరిపించాను. గుర్రం దాని మీదికి వెళ్లి, ఒకసారి వాసన చూసి, వెనక కాళ్లు ఎడంగా చాపింది. కాంపౌండర్ గారు గిన్నె పట్టుకుని పరుగెత్తారు. అంత వయసులో ఆ పరుగు చూసి లాబ్రడార్ కూడా మొరిగింది.

మూత్రం కషాయంలా చిక్కగా, ముదురు రంగులో ఉంది. పరికరంలో చుక్క వేసి చూస్తే అనుమానం లేకుండా తేలింది. కిడ్నీలు నిక్షేపంలా ఉన్నాయి.

"నీ బిడ్డకు ఏ జబ్బూ లేదయ్యా" అన్నాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాకు సంతోషం ఎంతోసేపు నిలవలేదు. జబ్బు లేని గుర్రానికి, బకెట్ మీద బకెట్ తాగగల గుర్రానికి, ఒంట్లో నీరు ఎందుకు ఎండిపోతోంది? దొరకడం లేదనేగా అర్థం.

"దీనికి నీళ్లు ఎవరాపుతున్నారు?" అన్నాను.

"తొట్టి నిండ ఉంటది మేడం, ఇరవై నాల్గు గంటలు" అన్నాడు గుర్రం గిట్టల వైపు చూస్తూ.

నమ్మలేదు. మర్నాడు చెప్పకుండా, కాంపౌండర్ గారిని వెంటపెట్టుకుని వాళ్ల కొట్టానికి వెళ్లాను. గోపన్‌పల్లి వైపు, కొత్త టవర్ల వెనక, ఇంకా కట్టని స్థలంలో రేకుల కొట్టం. కిరాయికి తీసుకున్నది. శుభ్రంగా ఉంది. గడ్డి పరిచి ఉంది, దాణా మంచిదే. నీళ్ల తొట్టి మాత్రం బోర్లించి ఉంది. అడుగున తడి కూడా లేదు. గుర్రం దాని పక్కనే నిలబడి ఉంది.

ఆయన లేడు. ఆయన భార్య బియ్యం ఏరుతోంది. "తొట్టి ఎందుకమ్మా బోర్లించారు?" అంటే ఆవిడ ఎంత మామూలుగా చెప్పిందో.

"రేపు పెండ్లున్నది గదా మేడం. ముందుదినం పొద్దుగాల్నే ఆపేస్తం."

అంతలో ఆయన వచ్చాడు. మమ్మల్ని, తొట్టిని, భార్యను మార్చి మార్చి చూశాడు. "నిన్నెవరడిగిన్రే?" అని ఆవిడ మీద అరిచాడు. తర్వాత దాచి లాభం లేదనుకున్నాడేమో, కింద చతికిలపడి చెప్పాడు.

కిందటి సీజన్‌లో ఒక పెళ్లి. పెద్దవాళ్ల పెళ్లి. పెళ్లికొడుకుతో గుర్రం హాలు గేటు దగ్గరికి చేరింది. ఆడవాళ్లు పట్టుచీరల్లో హారతి పళ్లేలు పట్టుకుని ఎదురొచ్చారు. సరిగ్గా అప్పుడే గుర్రం కాళ్లు చాపి పోసేసింది. ధారగా, ఆగకుండా. చీరల మీద చిందింది. ఒకరు నవ్వారు, ఒకరు కేకలేశారు, అందరూ ఫోన్లు తీశారు. అపశకునమన్నారు పెళ్లికొడుకు తండ్రి. ఆ పెళ్లి పనులు చూసిన ఈవెంట్ మేనేజరమ్మ గుర్రపాయన్ని పక్కకు పిలిచి, మళ్లీ ఇలా జరిగితే మీ గుర్రం మాకొద్దంది. ఆయనకు పెళ్లిళ్లన్నీ ఆ అమ్మాయి ద్వారానే వస్తాయి.

"నీళ్లు పోస్తే పోస్తది, పోయకుంటే పోయది. నాకు తెలిసిన ఉపాయం గదొక్కటే మేడం" అన్నాడు. "పెండ్లైనంక ఎంత తాగితే అంత తాపుతం. నేనేమన్న కసాయోన్నా?"

ఒక్కోనాడు బొట్టు ముట్టకపోవడం, ఒక్కోనాడు బకెట్ మీద బకెట్ తాగడం, రెండూ అప్పుడు అర్థమయ్యాయి. ముహూర్తాలు వరసగా ఉన్న వారాల్లో ఆ గుర్రం ఎండలో, చెమటలో, నెత్తిన తురాయితో, దాహంతో నడిచింది. లద్దె గట్టిపడి కడుపులో అడ్డం పడింది. ఇంకోసారి అలా పొర్లితే లేవకపోవచ్చు.

నేను ఊరుకునే మనిషిని కాను. నోటికొచ్చినట్టు తిట్టాను. బిడ్డ బిడ్డ అంటావు, నీ నోరు ఒకరోజు కట్టేసి ఎండలో నడిపిస్తే తెలుస్తుందన్నాను. ఆయన అంతా విని, తలెత్తి నిదానంగా అన్నాడు.

"కోపం చేసుడు సులువే మేడం. రేపు ఆ గేటు కాడ నిలబడేది నేను. రేపు గిట్ల పోసిందంటే ఇగ నాకు గిరాకి లేదు. గిరాకి లేకుంటే దీన్ని మేపలేను. ఎల్లుండి దలాలిని నేనే పిలుస్త."

అక్కడే ఉన్న గడ్డిమోపు మీద కూర్చున్నాను. నీళ్లు తాగితే బతుకుతుంది. తాగి గేటు దగ్గర పోస్తే దలాలి పాలవుతుంది. నీళ్లు పెట్టమని చీటీ రాసిచ్చి వచ్చేయడం చాలా తేలిక, ఆ చీటీతో ఆయన ఏంచేస్తాడో కూడా నాకు తెలుసు. లేవబుద్ధి కాలేదు.

గుర్రం కాళ్ల కింద పరిచిన గడ్డి చూస్తూ కూర్చుంటే ఒక ప్రశ్న తట్టింది.

"ఆ రోజు గేటు దగ్గర కింద ఏముందయ్యా? సిమెంటా, తారురోడ్డా?"

"ఏడికెల్లి సిమెంట్ మేడం? పచ్చ తివాచీ ఏసిన్రు. మెత్తగుండాల్నని దాని కింద ఇంత మందం స్పాంజి. మీద మొత్తం పూలు జల్లిన్రు."

కాంపౌండర్ గారు నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. ముందురోజు మా సిమెంటు ఆవరణలో గిన్నె పట్టుకుని పడ్డ పాట్లు ఇద్దరికీ గుర్తొచ్చాయి.

"దానికి పడకేసిన్రనుకున్నది మేడం" అన్నారు కాంపౌండర్ గారు.

దారంతా తారురోడ్డు మీద ఓర్చుకుని ఓర్చుకుని నడిచిన జంతువు, మెత్తటి చోటు కాలికి తగలగానే ఇక ఫరవాలేదనుకుంది. నీళ్లు తాగడం తప్పు కాదు, ముందుగా పోసుకునే చోటు ఇవ్వకపోవడం తప్పు. "కడుపునిండా నీళ్లు పెట్టు. ఊరేగింపుకు ముందు ఇదే గడ్డితో పడకెయ్యి, దాని మీద పోయించు. తర్వాత తివాచీ కాదు, పట్టుపరుపు వేసినా పోయడానికి ఏమీ ఉండదు" అన్నాను.

"అక్కడ పోయకుంటే?"

"నేనొస్తాను. పోసేదాకా గుర్రం కదలదు."

"గేటు కాడ పోస్తే?"

"ఆ మేనేజరుతో నేను మాట్లాడతాను. తప్పు నాదేనని చెబుతాను."

ఆయన తువ్వాలు ముడి విప్పి మళ్లీ కట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయన భార్య మాత్రం బియ్యం పళ్లెం పక్కన పెట్టి లేచి, తొట్టిని తిరగేసి పైపు వదిలింది. నీళ్ల చప్పుడుకు గుర్రం తల తిప్పింది. మేము ముక్కులోంచి గొట్టం వేసి కాస్త నూనె, ఉప్పు నీళ్లు కడుపులోకి పంపాం, గట్టిపడిన లద్దె జారడానికి. మిగిలిన పని అదే చేసుకుంది. తొట్టిలో మూతి పెట్టి తాగుతుంటే గొంతులో గుటకలు పైనుంచి కిందికి దిగడం కనిపించింది. నా సర్వీసులో చాలా ఆపరేషన్లు చేశాను, అంత తృప్తిగా దేన్నీ నిలబడి చూడలేదు.

తిరిగొస్తూ కాంపౌండర్ గారు అన్నారు. "మనకెందుకు మేడం? గుర్రం ఉచ్చ కోసం పెండ్లికి పోవాల్నని మన రూల్సుల ఏడన్న ఉన్నదా?"

"లేదు."

"మరి పొద్దుగాల ఎన్ని గంటలకు రావాలె?"

పగటి ముహూర్తం. గేటు దగ్గర ఎవరూ ఆపకుండా నేను పట్టుచీర కట్టుకున్నాను. కాంపౌండర్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. కారు డిక్కీలో గడ్డిమోపు. హాలు గేటు దగ్గర సెక్యూరిటీ అతను డిక్కీ తెరిపించి, "గడ్డెందుకమ్మా?" అన్నాడు. "పెళ్లికొడుకు తరఫు" అన్నాను. ఏమనుకున్నాడో, దండం పెట్టి వదిలేశాడు. కాంపౌండర్ గారు ముందు టిఫిన్ల దగ్గర ఆగారు. తిననివ్వక తప్పలేదు.

వంటల టెంట్ల వెనక గుర్రం సిద్ధంగా ఉంది. ముఖమల్ బట్ట, అద్దాలు, తురాయి, కాళ్లకు గజ్జెలు. రాత్రంతా తాగిందని ఆయన భార్య చెప్పింది. పొద్దున కూడా రెండు బకెట్లు పట్టించారట. చిగుళ్లు చూశాను, తడిగా గులాబీ రంగులో ఉన్నాయి. గడ్డి పరిచాం. గుర్రం వంగి వాసన చూసింది. తర్వాత తినడం మొదలుపెట్టింది.

"చూసిన్రా మేడం" అన్నాడాయన. నుదుటి మీద చెమట.

ఈల వేశారు. అప్పుడే బ్యాండు అందుకుంది, దాని మీద డీజే. ఆ మోతలో ఈల మాకే వినబడలేదు. గుర్రం నములుతోంది. ఈవెంట్ మేనేజర్ వచ్చింది. చిన్నపిల్ల, నల్ల డ్రెస్సు, చేతిలో వాకీటాకీ, కళ్ల కింద నిద్రలేని చారలు.

"హార్స్ ఇంకా ఇక్కడే ఉందేంటండీ? పెళ్లికొడుకు రోడ్డు మీద నిలబడ్డాడు, టైమింగ్ చాలా టైట్‌గా ఉందండి!"

ఆయన తాడు అందుకోబోయాడు. నేను ముందే పట్టుకున్నాను. "కాసేపాగమ్మా. ఇది మూత్రం పోశాక వస్తుంది."

"మీరెవరండీ?"

"పశువుల డాక్టర్ని. ఈ గుర్రం డాక్టర్ని."

"మేడమ్, ప్లీజ్. లాస్ట్ టైమ్ ఏమైందో మీకు తెలియదు."

"తెలుసు. మళ్లీ అవ్వకూడదనే నిలబడ్డాను. ఇప్పుడు తీసుకెళ్తే నీ తివాచీ మీద పోస్తుంది. నిజంగా తీసుకెళ్లమంటావా?"

ఆ పిల్ల వాచీ చూసుకుంది. వాకీటాకీలో ఎవరో హార్స్ ఎక్కడని అరుస్తున్నారు. నాకు మాత్రం ధైర్యం ఎక్కడిది? నా మాట మీద ఒకాయన బతుకు పెట్టి నిలబడ్డాను. అది గడ్డి తింటోంది.

అప్పుడు ఒకటి గమనించాను. గుర్రం వెనక కాళ్లు చాపబోయి మళ్లీ దగ్గరికి లాక్కుంది. కాసేపటికి మళ్లీ అలాగే. పోయాలనే ఉంది, కుదరడం లేదు. వంగి పొట్ట కింద చూశాను. పెళ్లికొడుకు జారకూడదని ఆయన జీను పట్టీ బిగించి కట్టాడు, వేలు కూడా దూరేలా లేదు.

"పట్టీ వదులు చెయ్యి."

"మల్ల బిగించాల్నంటే మస్తు టైం పడ్తది మేడం, ఈ అలంకారమంత..."

"వదులు చెయ్యవయ్యా!"

చేశాడు. బరువు జీను ఒక పక్కకు ఒరిగింది. "అందరూ వెనక్కి జరగండి" అన్నాను. ఆయన తాడు వదులుగా పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్లాడు. గుర్రం నమలడం ఆపింది. కాళ్లు ఎడం చేసింది, తోక ఎత్తింది.

ఎంతసేపు పోసిందో! బ్యాండువాళ్లు ఒక పాట ముగించి ఇంకోటి ఎత్తుకున్నారు, ఇది ఆపలేదు. కాంపౌండర్ గారు చేతులు జోడించి ఆకాశం వైపు చూశారు. మేనేజర్ పిల్ల నోరు తెరుచుకుని చూస్తూ, వాకీటాకీలో చాలా గంభీరంగా, "టూ మినిట్స్. హార్స్ రెడీ అవుతోంది" అంది.

పట్టీ మళ్లీ బిగించి, ఈసారి రెండు వేళ్లు దూరేలా, గుర్రం రోడ్డు మీదికి వెళ్లింది. ఎండలో, డప్పుల మధ్య, నల్లకళ్లద్దాల పెళ్లికొడుకుతో ఊరేగింపు సాగింది. నేనూ జనంలో నడిచాను. ఎవరో నన్ను అత్తయ్యగారూ అని పిలిచి నెత్తిన పూలరెక్కలు చల్లారు. నా కళ్లు మాత్రం గుర్రం మీదే ఉన్నాయి.

గేటు వచ్చింది. మళ్లీ అదే మెత్తటి పచ్చ తివాచీ, అవే పూలు, హారతి పళ్లేలతో ఆడవాళ్లు. గుర్రం తివాచీ అంచున ఆగింది. తల దించి వాసన చూసింది. తాడు పట్టుకున్న ఆయన వేళ్లు బిగుసుకున్నాయి.

అది ఒకసారి గట్టిగా ముక్కు చీది, తివాచీ మీద గజ్జెలు ఘల్లుమంటూ నడిచి వెళ్లిపోయింది. హారతిచ్చారు, ఫొటోలు తీశారు, పెళ్లికొడుకు దిగాడు. ఏదో జరగాల్సింది జరగలేదని అక్కడ మా ఐదుగురికి తప్ప ఎవరికీ తెలియదు. మా ఉద్యోగంలో గెలుపు సాధారణంగా అలాగే ఉంటుంది. దానికి చప్పట్లు కొట్టేవాళ్లుండరు.

మేనేజర్ పిల్ల పరుగెత్తుకొచ్చింది. "సూపర్ అండి! సాయంత్రం ఇంకో హాల్లో రిసెప్షన్ ఉంది, మీ హార్సే కావాలి, ఆరింటికల్లా వచ్చేయండి" అంది. ఆయన సరేనని చేతులు జోడించాడు.

ఆ జోడించిన చేతుల్లోంచి తాడు కాస్త వదులైంది. హాలు గుమ్మం పక్కన అలంకారానికి ఒక పెద్ద ఇత్తడి గంగాళం పెట్టారు, నిండా నీళ్లు, పైన గులాబీ రెక్కలు, చుట్టూ దీపాలు. గుర్రం తిన్నగా అక్కడికి వెళ్లి, రెక్కల్ని మూతితో పక్కకు నెట్టి, తాగడం మొదలుపెట్టింది.

ఆయన చెయ్యి అలవాటుగా తాడును వెనక్కి గుంజింది. గుర్రం తల పైకి లేచింది, గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. సాయంత్రం ఇంకో గేటు, ఇంకో తివాచీ. నేను అరవడానికి నోరు తెరిచాను. కాంపౌండర్ గారు నా మోచెయ్యి పట్టుకుని ఆపారు, అన్నేళ్లలో మొదటిసారి.

ఆయన తన చేతిలోని తాడును చూసుకున్నాడు. గుర్రాన్ని చూశాడు. జనం ఫోన్లు తీస్తున్నారు. మేనేజర్ పిల్ల, "అయ్యో, సాయంత్రం కూడా ఫంక్షన్ ఉంది కదండీ, ఇప్పుడు తాగితే పర్లేదా?" అంటోంది.

ఆయన తాడు పూర్తిగా వదిలేశాడు. గుర్రం మళ్లీ గంగాళంలోకి వంగింది.

"తాగనియ్యున్రి మేడం. సాయంత్రానికి గడ్డి నేనే తెచ్చుకుంట" అన్నాడు ఆ పిల్లతో. తర్వాత గుర్రం మీంచి చూపు తిప్పకుండానే, వెనక నిలబడ్డ భార్యతో అన్నాడు. "గా దలాలికి ఫోన్ చెయ్. ఇగ రావొద్దని చెప్పు."